తలుపు వెనక సుద్దగీతలు

ఎనభైల్లో ఖరగ్‌పూర్‌లో కరెంటు పోవడం పెద్ద విశేషం కాదు. పోతే మా ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో కుళాయిలు ఆగిపోయేవి. అప్పుడు మా ఆయన పంపుహౌసులో పాత డీజిల్ ఇంజను వేసి నీళ్లు తెప్పించేవారు. ఆ ఇంజనుకు చేసిన సేవలో సగం నాకు చేసి ఉంటే ఈ మోకాళ్లు ఇలా ఉండేవి కావు.

ఒక మధ్యాహ్నం ఆయన కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నారు. కొత్తగా వచ్చిన ఆఫీసరు లాగ్‌బుక్ తిరగేశాడట. ఏడాదిలో ఇంజను నడిచింది కొద్ది గంటలే కాబట్టి తీయించేస్తానన్నాడట.

"ఉన్నదున్నట్టు రాసినాను. అదే దాని కొంప ముంచింది," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "నడిసిన గంటలు రాసినారు సరే. అది లేకపోతే మా గతి ఏటో రాసినారా?"

ఆయన రాయలేదు. నేను రాశాను. ఎన్ని బిందెలు నింపి ఉంచుకోవాలో తెలియడానికి, కరెంటు పోయినప్పుడల్లా వంటింటి తలుపు వెనక సుద్దతో గీత గీసేదాన్ని. నీళ్లు వచ్చేలోగా ఎన్ని బిందెలు ఖాళీ అయితే గీత పక్కన అన్ని సున్నాలు. ఎప్పుడూ రెండు దాటలేదు, ఒక్కసారి తప్ప.

మర్నాడు ఆఫీసరుకు చూపించడానికి ఆయన తలుపు ఊడదీసి రిక్షా ఎక్కించారు. సుద్ద చెరిగిపోతుందని, ఎవరూ ముట్టుకోకుండా దారి పొడుగునా అరుస్తూనే ఉన్నాను.

"దీదీ, యే క్యా హై?" అన్నాడు ఆఫీసరు, అక్కా ఇదేమిటని. వచ్చీరాని హిందీలో చెప్పాను. తలుపు అంచుదాకా పాకిన సున్నాల వరస మీద వేలు పెట్టి, ఆ రోజు ఏమైందని అడిగాడు.

"రిపేరుకని ఇంజను విప్పినారు దాదా. అంతలో కరెంటు పోయింది. మూడు రోజులు బిందెలు మోసినాం."

ఆఫీసరు లాగ్‌బుక్ తెప్పించుకుని, నీళ్లు ఎంతసేపట్లో తిరిగొచ్చాయో రాయడానికి స్వయంగా ఇంకో గడి గీశాడు. ఇంజను ఉండిపోయింది. క్వార్టర్ తలుపు ఊడదీసినందుకు మాత్రం మా ఆయనకు మెమో ఇచ్చాడు. ఇద్దరం నవ్వుకుంటూ ఇంటికొచ్చాం.

సాయంత్రం తలుపు బిగిస్తుంటే కరెంటు పోయింది. స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టి ఆయన పంపుహౌసుకు పరుగెత్తారు. ఊగుతున్న తలుపును ఒక చేత్తో పట్టుకుని, సుద్దతో గీత గీసి నిలబడ్డాను. మొదటి బిందె సగమైనా కాకముందే కుళాయి గురగురమంది. సున్నా పెట్టాల్సిన పని పడలేదు.