గంగ పేరు మీద పోయిన చేను

మొన్న మా మనవడు ఫోనులో ఒక ఫొటో చూపించాడు. మంథని అవతల గోదావరి ఒడ్డున లోతైన మట్టి లోయ, దాని ముందు నవ్వుతూ నిలబడ్డ వాడి స్నేహితులు. "ప్రకృతి వేల ఏండ్లు చెక్కింది తాతా!" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వేల ఏళ్లా? అక్కడ మా అత్త జొన్నచేను ఉండేది. ఆ చేలో పాలకంకులు కాల్చుకుని తిన్నవాణ్ణి నేను!

నిజాం రాజ్యం పోయి కొన్నేళ్లయిన రోజులవి. అత్త అంటే మా బాపు చెల్లెలు. భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషికి, పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఆ చేనే తిండి. వాళ్ల పెద్దన్న, అంటే మా పెద్దబాపు, ఎండాకాలం గంగ ఇసుకలో పుచ్చతోట వేసేవాడు. గోదావరిని మా వైపు గంగ అనే అంటారు. కాయల బండ్లు పాత రేవు మీదుగా చుట్టు తిరిగి రావాలి. అంత ఓపిక ఆయనకెక్కడిది? చెల్లెలి చేను అంచున ఒడ్డును పట్టుకుని ఉన్న రెల్లుదుబ్బులు నరికించి, ఒడ్డు తవ్వించి, బండ్లను నేరుగా దింపించాడు. మొదటి వానకే ఆ చక్రాల గాడిలో నీళ్లు పరుగెత్తాయి. మరుసటేడు గాడి కాస్తా మనిషి లోతు ఒర్రె అయింది. పక్కల మట్టి పెళ్లలు పెళ్లలుగా విరిగి పడేది.

"అన్నా, జర ఆ తొవ్వ మూపియ్యి. నా చేను పోతున్నది" అని అత్త బతిమాలింది.

"గంగ కోస్తున్నది చెల్లె, నేనేం జేస్త?" అన్నాడు ఆ మహానుభావుడు మీసం దువ్వుకుంటూ. ఆ ఏడు కూడా బండ్లు అక్కడే దిగాయి.

సగం చేను పోయాక పెద్దమనుషులకు ఉపాయం తోచింది. గంగకు చీరె పెట్టాలట, శాంతిస్తుందట! ఊరంతా చూస్తుండగా పెద్దబాపే చీరె తెచ్చి అత్త చేతిలో పెట్టి, నీళ్లలో వదలమన్నాడు. అత్త గంగ వైపు తిరగనైనా లేదు. చీరె మడత విప్పి అన్న భుజం మీద వేసింది.

"చేను తిన్నది నువ్వు. నువ్వే కట్టుకో."

ఒక్కరూ నవ్వలేదు. ఒక్కరూ పార పట్టి ఆ గండి పూడ్చనూ లేదు, నా మంటంతా అదే. మిగిలిన సగమూ పోయింది. అత్త ముసలితనం దాకా పరాయి చేలలో కలుపు తీసి బతికింది. పెద్దబాపు మాత్రం పదిమందితో దండం పెట్టించుకుంటూనే పోయాడు.

ఇప్పుడు ఊళ్లో ఎవరినడిగినా ఆ లోయ ఎప్పటినుంచో ఉందంటారు. కాలం ఆ చేనును కోయలేదు గానీ, కోసినవాడి పేరును మాత్రం శుభ్రంగా కడిగేసింది.