మోరీ నీళ్లు పారిన మడులు

నా చిన్నప్పుడు నాచారం దాటితే మల్లాపూర్ దాకా అక్కడక్కడా ఆకుకూర మడులు ఉండేవి. వాటిలో అర ఎకరం మా మేనత్తది. మామ పోయాక ఆ ముక్క మీదే తను బతికింది, తల్లి లేని నన్నూ బతికించింది. పెండ ఎరువు, బావి నీళ్లు, అంతే. పొద్దున్నే కోసిన పాలకూర, తోటకూర గంపకెత్తుకుని నాచారం క్వార్టర్లలో ఇల్లిల్లూ తిరిగి అమ్మేది.

ఒక ఎండాకాలం బావి అడుగంటింది. బిందెలతో తోడి పోయలేక మా ఇద్దరి చేతులూ బొబ్బలెక్కాయి. పక్క మడులవాళ్లు కార్ఖానాల మురుగు పారే మోరీ నీళ్లు మళ్లించుకున్నారు. వాళ్ల కూర నిగనిగలాడింది. అత్త మాత్రం ఆ నీళ్లు మావైపు రాకుండా మట్టికట్ట వేసింది.

ఒక మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే నేను ఆ కట్ట తెంపాను. నీళ్లు వాటంతటవే పారుతుంటే హాయిగా చూస్తూ నిలబడ్డాను. వాసన వస్తూనే ఉంది.

అత్త లేచి చూసింది. కొట్టలేదు. గట్టు మీద కూలబడింది.

"ఎందుకు తెంపినవ్ బిడ్డా?"

"చేతులు నొస్తున్నయ్ అత్తా."

"నాకు నొస్తలేవా?"

చాలాసేపటికి లేచి, కొడవలితో కూరంతా కోసి గుంతలో వేసింది.

"కడిగి అమ్ముదాం అత్తా, ఎవలకు తెలుస్తది?" అన్నాను.

"ఆ ఇండ్లల్ల పిల్లలు తింటరే" అంటూ మట్టి కప్పింది.

మర్నాడు ఖాళీ గంప నా నెత్తిన పెట్టి క్వార్టర్లకు తీసుకెళ్లింది. ప్రతి గుమ్మం ముందూ నేనే చెప్పాలి. మొదటి రెండిళ్లలో "మోరీ నీళ్లొచ్చినయ్, కూర లేదు" అన్నాను. అత్త గేటు దగ్గర నిలబడి చూస్తోంది. మూడో ఇంట్లో "నేనే ఇడిసిన" అనేసరికి ఏడుపొచ్చింది. రైల్వేలో పనిచేసే ఆయన భార్య నా ముఖం తుడిచి, "మళ్లీ ఎప్పుడు తెస్తారమ్మా?" అని అడిగింది. ఇంకో ఇంటావిడ తలుపేసుకుంది.

"వాళ్లు మన మాట మీద కొంటరు బిడ్డా" అంది అత్త, తిరిగొస్తూ. ఆ వేసవంతా గంజితో గడిచింది. వానలు పడ్డాక మళ్లీ విత్తనం చల్లాం. పాత గుమ్మాల్లో సగమే తెరుచుకున్నాయి. మిగతావాళ్లు వేరేచోట కొనడం మరిగారు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. అన్నోజిగూడ అవతల రెండెకరాల్లో నలుగురు ఆడవాళ్లతో కలిసి మందుల్లేని కూర పండించి ఉప్పల్ అపార్ట్‌మెంట్లకు పంపుతున్నాను. మొన్న పురుగు పట్టినప్పుడు వాళ్లలో చిన్నది, "అమ్మా, ఒక్కసారి మందు కొడదాం, ఎవలు సూస్తరు?" అంది. నాకూ ఆశ పుట్టలేదని చెప్పను. అయినా మందు కొట్టనివ్వలేదు. అపార్ట్‌మెంట్లవాళ్లకు ఫోన్ చేసి, ఈ వారం కూర రాదని, ఎందుకు రాదో కూడా చెప్పాను. ఇద్దరు మా దగ్గర కొనడం మానుకున్నారు.

తప్పు దురాశతోనే జరుగుతుందంటారు. ఒళ్లు అలిసినా జరుగుతుందని నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. అందుకే మరీ అలిసిన రోజున ఏ సంగతీ తేల్చను. గట్టు మీద కాసేపు కూర్చుంటాను.