గంగమణి తాగిన స్ట్రాంగు

గంగమణి ఒకచోట కూర్చోలేకపోతోంది. పసుపు సీజన్ అయిపోయిందని సేటు గోదాము వెనక రేకుల షెడ్డులో దావత్ ఇస్తున్నాడు. మటన్ ఉడికే వాసన వస్తున్నా ఆమెకు ఆకలి లేదు. సంచుల వరుస అవతల, మగవాళ్ల మధ్య కూర్చున్న భర్త ఎర్రన్న మీదే ఉన్నాయి ఆమె కళ్లు.

ఆమెది ఆలూర్. పెళ్లయి ఆర్మూర్ వచ్చినప్పటి నుంచి పసుపు ఏరే పనే. పొడుగు కొమ్ములు ఒక పక్క, గుండ్రటి మండ ఒక పక్క. ఎర్రన్న హమాలీ. మనిషి దిట్టమే కానీ, ఏడాదిగా మెడ పట్టేస్తోంది. వీపు మీద సంచి పడగానే ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతోంది. ఈ సంగతి బయట ఎవరికీ తెలియదు. హమాలీల మేస్త్రి నడిపయ్య వయసు మీద పడి తప్పుకుంటున్నాడు. ఆ పని ఎర్రన్నకు వస్తే ఇక బరువు మోయనక్కర్లేదు, కాటా దగ్గర నిలబడి మనుషులకు పని చెబితే చాలు. కొత్త మేస్త్రి ఎవరో నడిపయ్య ఈ దావత్‌లోనే చెబుతాడు.

ఇక్కడ దావత్ అంటే రెండు ఐసు డ్రమ్ములు. మగవాళ్ల వైపు స్ట్రాంగు బీర్లు, ఆడవాళ్ల వైపు లైటు. ఎవరికి ఏది కావాలో ఎవరూ అడగరు. గంగమణికి లైటు చప్పిడి నీళ్లు. ఎర్రన్నకు స్ట్రాంగు చేదు గొంతు దిగదు. అందుకే ప్రతి దావత్‌లో ఇద్దరూ చేతులు కడుక్కునే నెపంతో సంచుల చాటుకు వెళ్లి గ్లాసులు మార్చుకునేవారు.

ఈసారి వద్దన్నది ఆమే.

"లైటు తాగేటోని మాట మగోళ్లు ఇంటరా? నడిపయ్య మామ సూస్తుంటడు. కండ్లు మూసుకొని తాగు."

"నాకు కక్కొస్తది గంగా."

"నీ మెడ యాదిపెట్టుకొని మింగు."

ఇప్పుడు అతను మింగుతున్నాడు. గుక్క గుక్కకూ మొహం చిట్లుతోంది. మేస్త్రి పని మీద తనకూ ఆశ ఉన్న తోటి హమాలీ దయాకర్ ఇంకో సీసా మూత తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఏందన్నా, కషాయం తాగినట్టు తాగుతున్నవ్? ఆడోళ్ల డ్రమ్ముల నుంచి తెప్పియ్యాల్నా?"

అందరూ నవ్వారు. ఎర్రన్న కూడా నవ్వి సీసా ఎత్తాడు. నుదుటి మీద చెమట పట్టింది. గంగమణి లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది.

"ఏందే, కింద చీమలున్నయా?" అంది పక్కనున్న ఎంకవ్వ.

ఎర్రన్న నోటికి తువ్వాల అడ్డం పెట్టుకోవడం చూశాక ఇక ఆగలేకపోయింది. మగవాళ్ల మధ్యకు నడిచి, అతని చేతిలోని సీసా లాక్కుంది.

"గిది నాది. ఎప్పుడైనా నాదే. ఈయనది గా లైటు."

నిలబడే, ఆపకుండా తాగేసింది.

"ఓయమ్మో! అయితే మేస్త్రి నువ్వే అయితవా వదినె?" అన్నాడు దయాకర్.

"అయిత. నీకంటె మంచిగనే అయిత."

షెడ్డంతా నవ్వులు. నడిపయ్య మాత్రం నవ్వలేదు.

"గిన్నేండ్లు మా ముంగట యాక్టింగ్ చేసిండ్రా ఇద్దరు?" అన్నాడు. కాసేపటికి లేచి, కొత్త మేస్త్రి ఇతనేనంటూ దయాకర్ భుజం మీద కొత్త తువ్వాల కప్పాడు.

ఇంటికి నడుస్తూ గంగమణి తనను తానే తిట్టుకుంది.

"నేను జర ఓపిక పట్టేదుండె. నీకే వచ్చేది."

"నువ్వు రాకుంటే ఆడనే కక్కుదును. గప్పుడు గూడ దయాకర్‌కే వచ్చేది," అన్నాడు ఎర్రన్న.

మర్నాడు మిగిలిన సరుకుతో ఆఖరి లారీ లోడు. గంగమణి గోదాములో అడుగుపెడుతూనే నేరుగా దయాకర్ దగ్గరికి వెళ్లింది.

"ఈయన మెడ ఖరాబైంది. సంచి ఎత్తియ్యకు."

"గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా వదినె? నాకేం ఎరుక!" దయాకర్ తల గోక్కున్నాడు. "సంచుల మూతులు కుట్టే పనున్నది. కూలి తక్కువ. ఆడోళ్లల్ల కూసోవాలె. కూసుంటవా అన్నా?"

ఎర్రన్న దబ్బనం అందుకున్నాడు. ఆడవాళ్ల వరుసలో చోటు చూసుకుని కూర్చుని, సంచి మూతి మడిచి, సుతిలి దారం బిగించి లాగాడు. కుట్టు సూటిగా పడింది.

గంగమణి చేతులు పసుపు ఏరుతూనే ఉన్నాయి. లారీ దగ్గర ఎవరైనా నవ్వుతున్నారేమోనని ఆమె మాటిమాటికీ తల తిప్పి చూస్తోంది.

"అటేం సూస్తవ్," అన్నాడు ఎర్రన్న తల ఎత్తకుండానే. "సుతిలి అయిపోయింది, అందియ్యి."