పడవవ్వ బతికే ఉందని నేను, లేదని అక్క

నేను ఆ నవలను మూడో భాగంతో మొదలుపెట్టాను. ఎనిమిదో తరగతి పరీక్షలయ్యాక నాకు ఆటలమ్మ పోసింది. రేపల్లెలో మా ఇంటి ముందు గదిలో మంచం వేసి పడుకోబెట్టి, తోటి పిల్లలెవరినీ దగ్గరికి రానివ్వలేదు. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయనతో పనిచేసే తెలుగు మాస్టారు, పిల్లకి పొద్దుపోదని చెప్పి, అట్ట ఊడిన పుస్తకం ఒకటి పంపారు. మొదటి రెండు భాగాలు ఆయన దగ్గర కూడా లేవట.

అది ఏడు దీవుల కథ. సముద్రంలో మునిగిపోయిన ఒక రాజ్యానికి వారసుడు, ఆ సంగతి తెలియకుండా ఒక కుమ్మరి ఇంట్లో పెరుగుతాడు. ఏడు దీవుల్లోనూ దాగి ఉన్న ఏడు రత్నాలు తెస్తేగాని రాజ్యం పైకి తేలదు. వాటికి కాపలాగా అద్దంలో బతికే మాంత్రికుడు ఒకడు. కుమ్మరి కొడుకును ఒక దీవి నుంచి ఇంకో దీవికి దాటించేది పడవవ్వ. ఒంటి పన్ను, నోట్లో పొగాకు, ఎదురుగా ఎంతటివాడున్నా వాయించి వదిలే నోరు. రాబోయే మహారాజును పట్టుకుని "కుండలోడా" అని పిలిచేది. నాకు కుమ్మరి కొడుకు కంటే ఆవిడే నచ్చింది. ఒళ్ళంతా దురద పెడుతున్నా గోకడం మరిచిపోయి చదివాను.

అమ్మకు ఆ పుస్తకం నచ్చలేదు. మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం. ఆదివారం గుడి, రోజూ సాయంత్రం ఇంట్లో ప్రార్థన. అట్ట లేకపోబట్టి మాంత్రికుడి బొమ్మ ఆవిడ కంట పడలేదు గాని, లోపల నాలుగు పేజీలు తిరగేసి, "మంత్రాలూ తంత్రాలూ మనకెందుకే" అంది. నాన్న మాత్రం, "జబ్బు తగ్గేదాకా చదవనీ" అన్నాడు. జబ్బు తగ్గింది. చదవడం మాత్రం మిగిలిపోయింది. దొరికిన భాగాన్ని దొరికినట్టు, ఏడు తర్వాత నాలుగు, నాలుగు తర్వాత ఒకటి, అలా చదివాను. చనిపోయినవాళ్ళు తర్వాతి పుస్తకంలో చిన్నపిల్లలై కనిపించేవాళ్ళు. నాకు అదేమీ ఇబ్బందిగా ఉండేది కాదు.

డిగ్రీకి తెనాలిలో చేరాను. రోజూ రేపల్లె నుంచి ప్యాసింజర్ రైల్లో వెళ్ళి రావడం. తెనాలి స్టేషన్ బయట ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. దాన్ని నడిపే పెద్దాయన ముస్లిం. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకున్నా, తెలుగు నవలల్లో ఆయన చదవనిది లేదు. పుస్తకాలు బైండింగు చేసేవారు కూడా. కొత్త నవల రాగానే కుట్లు విప్పి, గట్టి అట్ట వేసి, దారంతో మళ్ళీ కుట్టి అప్పుడు గాని అద్దెకిచ్చేవారు కాదు. ఆయన్ను నేను బాబాయి గారూ అనేదాన్ని.

ఒకరోజు కాలేజీ అయ్యాక వెళ్ళేసరికి ఏడు దీవుల కొత్త భాగం ఆయన చేతిలో ఉంది. కుట్లు విప్పుతున్నారు. పక్కన తెల్లచీర కట్టుకున్న ఒక నర్సు నిలబడి ఉంది. వయసు ముప్పై దాటి ఉంటుంది. రైల్లో అప్పుడప్పుడు చూసిన మనిషే. తెనాలిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేస్తూ భట్టిప్రోలు నుంచి వచ్చిపోయేది.

"బాబాయి గారూ, అది నాకు చెప్పిపెట్టాను కదండీ" అన్నాను.

"నేను పోయిన నెలే చెప్పా. అడుగు ఆయన్ని" అంది ఆవిడ.

ఇద్దరం ఆయన వంక చూశాం. ఆయన చేతిలో పుస్తకం అప్పటికే విడి కట్టలుగా ఉంది. వాటిని మధ్యకు విడదీసి, రెండు చేతుల్లో పట్టుకున్నారు.

"ఇంకా కుట్టలేదు కదమ్మా. ఆమెకో సగం, నీకో సగం. రేపు మార్చుకోండి. తర్వాత కుడతాను."

"మొదటి సగం ఎవరికి?" అన్నాను.

"అమ్మాయికే ఇవ్వండన్నా" అంది నర్సు. "నాకు చివర ముందు తెలిసినా పర్లేదు. ఆస్పత్రిలో అట్టాగే కదా. మనిషి ముందొస్తాడు, ఏం జరిగిందో తర్వాత చెబుతారు."

ఆ సాయంత్రం రైల్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని చదువుకున్నాం. వేమూరు ఇంకా రాలేదు. ఆవిడ తల ఎత్తి, "ఎంతవరకు వచ్చావు?" అంది.

"గుహలోకి వెళ్ళారక్కా. కుమ్మరి కొడుకూ, ముంగిసా."

ముంగిస అంటే కుమ్మరి కొడుకు భుజం మీద ఉండే మాట్లాడే ముంగిస. ఆవిడ కిటికీలోంచి కాసేపు పొలాల వైపు చూసింది.

"ఆ ముంగిసంటే నీకు బాగా ఇష్టమా?"

నేను పుస్తకం మూసేశాను. "చెప్పేశావక్కా."

"నేనేం చెప్పాను? ఇష్టమా అనడిగాను."

నాకు ఏడుపొచ్చింది. ఎదురు సీటులో గంప పెట్టుకుని కూర్చున్న కూరగాయలావిడ, "ఎవరికైనా బాగాలేదా అమ్మా?" అని అడిగింది. "ముంగిసకండి" అంది అక్క, చాలా సీరియస్‌గా. ఆ మాటతో ముగ్గురం నవ్వుకున్నాం. మా స్నేహం అక్కడ మొదలైంది. తర్వాత వచ్చిన ప్రతి భాగాన్నీ బాబాయి గారు మా ఇద్దరి చదువూ అయ్యేదాకా కుట్టేవారు కాదు.

ఒక ఆదివారం అక్క మా ఇంటికి భోజనానికొచ్చింది. ఆవిడదీ మా సంఘమే కాబట్టి అమ్మ ఇష్టంగానే వడ్డించింది. అన్నాలయ్యాక మాత్రం మనసులో ఉన్నది అడిగేసింది.

"ప్రార్థన చేసుకునేవాళ్ళం, మనకీ మాంత్రికుల పుస్తకాలేంటమ్మా?"

"మాంత్రికుడు గెలిస్తే చదవకూడదండి" అంది అక్క. "వీడు ప్రతిసారీ ఓడిపోతాడు."

"ఓడిపోయినవాడు మళ్ళీ ఎట్టా వస్తాడు?"

"సైతాను రావట్లేదా అండి, అట్టాగే."

అమ్మ గిన్నెలు తీసి, బల్ల తుడిచి, మళ్ళీ వచ్చి కూర్చుంది. "ఇంతకీ ఏ దీవిలో ఉంటాడు వాడు?" అని అడిగింది. అక్క కథంతా మొదటినుంచీ చెప్పుకొచ్చింది. ఆవిడ చెబుతుంటే పడవవ్వ మా వరండాలో కూర్చుని పొగాకు నములుతున్నట్టే ఉంది. నేను చదివిన కథే అయినా, అంత బాగుంటుందని నాకు తెలియదు. అమ్మ ఆ తర్వాత కూడా ఆ పుస్తకాలు ముట్టుకోలేదు గాని, కొత్త భాగం వచ్చిందని తెలిస్తే, "మీ అక్కను ఒకసారి రమ్మను" అనేది.

నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా వచ్చిన భాగంలో పడవవ్వ మునిగిపోయింది. మాంత్రికుడు సముద్రంలో సుడి పుట్టిస్తాడు. అవ్వ కుమ్మరి కొడుకును రాతి మీదకు నెట్టి, పడవతో సహా కిందికి పోతుంది. తెడ్డు ఒక్కటే తేలుతుంది. పుస్తకం అక్కడితో అయిపోయింది.

"పోయింది" అంది అక్క. "రాసిన తీరులోనే తెలుస్తోంది. నేను వార్డులో చూస్తూనే ఉంటా కదా. పోయేవాళ్ళు అట్టాగే, ఎవరి పని వాళ్ళకి పురమాయించి పోతారు."

"శవం కనపడలేదు కదక్కా. పోయిందని ఎక్కడా రాయలేదు."

"అన్నీ రాస్తారా?"

"ఇంత పెద్ద సంగతి రాయరా?"

ఈ వాదన రైల్లో, షాపులో, ఆస్పత్రి మెట్ల మీద నెలల తరబడి సాగింది. బాబాయి గారిని అడిగితే, "తర్వాతి భాగం రానివ్వండమ్మా" అని తప్పించుకునేవారు. ఆ తర్వాతి భాగం రాలేదు. రచయితకు ఒంట్లో బాగాలేదని ఒకరు, అచ్చువేసే ఆయన వ్యాపారం మానేశాడని ఇంకొకరు అన్నారు. నిజమేమిటో మాకు తెలియలేదు.

నేను బి.ఎడ్. చేశాను. బాపట్లలో ఒక స్కూల్లో టీచరుగా చేరాను. అక్కడే పెళ్ళయింది. మా ఆయన కాలవల ఆఫీసులో పనిచేసేవారు. నవలలు చదివే మనిషి కాదు. కొత్త కాపురంలో మాట్లాడుకోవడానికి ఇంకేమీ దొరకని ఒక సాయంత్రం ఆయనకు ఏడు దీవుల కథ చెప్పాను. ఓపిగ్గా విన్నారు. అవ్వ మునిగిపోవడం, నా వాదన, అక్క వాదన, అన్నీ అయ్యాక అడిగారు.

"ఆవిడకి ఈత వచ్చా?"

అన్ని భాగాలు చదివాం, అన్ని నెలలు కొట్లాడుకున్నాం, ఇద్దరికీ ఆ మాట తట్టలేదు. మర్నాడే అక్కకు కార్డు రాశాను.

అప్పటికి అక్కకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చి, అడవులదీవి అనే ఊళ్ళో నర్సుగా వేశారు. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. తెనాలి వదిలి ఆ సముద్రపు పక్కకు ఒంటరిగా ఎలా వెళుతుందా అని నేను బెంగపడ్డాను. దసరా సెలవుల్లో చూడటానికి వెళ్ళాను. రేపల్లెలో బస్సు మారి, చేపల వాసన మొదలయ్యే చోట దిగి, ఆరోగ్య కేంద్రం ఎక్కడని అడుగుతూ నడిచాను.

అది సూదిమందుల రోజు. చంటిపిల్లలను ఒళ్ళో పెట్టుకుని ఆడవాళ్ళు వరండా నిండా ఉన్నారు. అక్క నన్ను చూసి లోపల్నుంచే, "టీచరమ్మ వచ్చింది" అని కేకేసింది. వరండాలో అందరూ నా వైపు తిరిగారు. వాళ్ళలో పెద్దావిడ నన్ను కిందికీ పైకీ చూసింది.

"అవ్వ బతికుందన్నది మీరేనా అండి?"

అక్క ఏడు దీవుల కథను ఆ ఊరికి చెప్పేసింది. సూదికి పిల్లలు ఏడవకుండా మొదలుపెట్టిందట. పిల్లలు ఊరుకున్నారో లేదో గాని, తల్లులు వదల్లేదు. వాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో మగవాళ్ళు సముద్రంలో చేపల వేటకు వెళ్ళేవాళ్ళు. సుడి అంటే ఏమిటో, పడవ తిరగబడితే ఏం చేయాలో వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"తెడ్డు వదిలేసిందంటే ఈదటానికే వదిలిందండి" అంది పెద్దావిడ. "పోయేవాళ్ళయితే పట్టుకునే పోతారు."

"సుడిలో ఎవరు ఈదుతారే" అంది ఇంకొకామె. ఆమె అక్క పక్షం. మాట మాట పెరిగింది. ఒక చంటివాడికి సూది వేసినా, వాడి తల్లి వాణ్ణి ఊరుకోబెడుతూనే వాదిస్తోంది. నా పక్షం వాళ్ళే ఎక్కువ. అక్క నా వైపు చూసి, "చూశావా, నా ఊళ్ళోనే నాకు బలం లేదు" అంది. ఆవిడ మొహం చూశాక, ఆ సముద్రం పక్క ఎలా ఉంటుందో అన్న నా బెంగ పోయింది.

తొంభైల్లో ఒక వేసవికాలం, బాపట్ల బస్టాండులో పుస్తకాల బడ్డీ ముందు నిలబడి ఉండగా ఆ బొమ్మ కనిపించింది. అద్దంలో మాంత్రికుడు, ఏడు దీవుల తర్వాతి భాగం. వేరే ఊరి ప్రచురణ, నాసిరకం కాగితం. రెండు కాపీలు కొన్నాను. ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయినా పట్టించుకోకుండా, అక్కడే సిమెంటు బల్ల మీద కూర్చుని సగం పైగా చదివేశాను.

పడవవ్వ బతికే ఉంది. ఏ పేరూ లేని చిన్న దీవిలో, గుడిసె ముందు కూర్చుని వలలు బాగుచేస్తూ ఉంటుంది. ఈదుకుంటూ వచ్చిందని ఒక్క వాక్యంలో తేల్చేశాడు రచయిత. కుమ్మరి కొడుకు వెతుక్కుంటూ వచ్చి, ఇంకా ఒక రత్నం మిగిలింది, రమ్మని బతిమాలుతాడు. ఆవిడ రాదు. ఇంత అన్నం పెట్టి, కుండలోడా అని పిలిచి, పంపించేస్తుంది. గెలిచానని సంతోషించాల్సిన దాన్ని, బస్టాండులో అంత ఎండలో ఏం చేయాలో తెలియక కూర్చుండిపోయాను. అవ్వ లేకుండా వాడు ఎలా వెళతాడు అన్నదే నా మనసులో ఉంది.

ఆ ఆదివారమే అక్క దగ్గరికి వెళ్ళి ఒక కాపీ చేతిలో పెట్టాను. ముంగిస సంగతి జరిగాక ఏదీ ముందుగా చెప్పకూడదని మా మధ్య ఒప్పందం. అక్క గుమ్మంలో కూర్చుని చదివింది. నేను లోపల వంకాయ కూర వండాను. ఆ పేజీకి వచ్చినప్పుడు తెలిసింది. ఆవిడ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"నీదే నిజమైంది అమ్మాయ్."

"వెళ్ళలేదు కదక్కా. బతికుండీ వెళ్ళలేదు."

"ఎన్నాళ్ళని వేస్తుంది తెడ్డు" అంది అక్క. "నాకు ఇదే నచ్చింది."

ఆ తర్వాత ఏడు దీవుల భాగం ఇంకొకటి రాలేదు. ఏడో రత్నం దొరికిందో లేదో, రాజ్యం తేలిందో లేదో రాయకుండానే రచయిత పోయాడని పత్రికలో చిన్న వార్త చూశాను. ఒక పూటంతా మనసు బాగాలేదు. స్కూల్లో పాఠం మధ్యలో ఆగిపోతే, ఏమైంది టీచర్ అని పిల్లలు అడిగారు.

ఆ వార్త మోసుకుని మళ్ళీ అడవులదీవి వెళ్ళాను. అక్కకు అప్పటికే తెలుసు. వరండాలో ఆడవాళ్ళకు కథ చెబుతోంది. నేను ఒక పక్కన కూర్చున్నాను. కుమ్మరి కొడుకు ఏడో దీవికి ఒంటరిగా పడవ వేసుకుని పోతున్నాడు. గాలి తిరిగింది. తెరచాప ఎటు కట్టాలో వాడికి తెలియడం లేదు. నీళ్ళలోంచి ఒక చేప తల ఎత్తి వాడితో ఉర్దూలో మాట్లాడింది. వింటూ వింటూ ఒక్కసారి ఉలిక్కిపడ్డాను. ఇది ఏ భాగంలోనూ లేదు.

కథ మధ్యలో ఆపి మంచినీళ్ళు తాగుతున్నప్పుడు దగ్గరికి వెళ్ళి, "ఇదెక్కడ చదివావక్కా?" అని మెల్లగా అడిగాను.

"వీళ్ళు ఊరుకోరమ్మాయ్. తర్వాతేంటి, తర్వాతేంటి అని ప్రాణం తీస్తున్నారు" అంది, గ్లాసు కింద పెట్టి.

రోడ్డు మీద రేపల్లె బస్సు వచ్చి ఆగింది. సాయంత్రానికి బాపట్ల చేరాలంటే అదే ఎక్కాలి. పెద్దావిడ నాకు చోటిస్తూ జరిగింది. చేప ఏం చెప్పిందో ఇంకా తెలియలేదు. నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను.