పన్నెండో వారం

నాచారంలో నాకు ల్యాబ్ పని నేర్పిన మేడం పోయారు. ఉప్పల్‌లో మెట్రో దిగుతుంటే ఫోన్ వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఎటు వెళ్లాలో తోచక మెట్ల దగ్గరే నిలబడిపోయాను.

నీళ్లలో కరగని ఒక క్యాన్సర్ మందు మీద ఆవిడ నాలుగేళ్లు పనిచేశారు. దాన్ని ఘాటైన ద్రావకంలో కలిపి ఎక్కిస్తారు. బోడుప్పల్‌లో ఆవిడతోనే ఉండే తమ్ముడికి అది పడలేదు. ఊపిరాడక మొదటి సీసా సగంలోనే ఆపేశారు.

నేను చేరిన కొత్తలో మేడం చెప్పారు: "మందును మస్తు సన్నగ జేస్తే నీళ్లల్ల తేలుతది. గని రేణువులు ఒకదాన్నొకటి పట్టుకొని ముద్దయితయి. గందుకే ఈ పాలిమర్ కలుపుతం, పొడుగు గొలుసు లెక్కుంటది, దానికి కొమ్మలుంటయి. రేణువు సుట్టు కమ్ముకుంటే ఇంకోదాన్ని దగ్గరికి రానియ్యదు. గంతే."

రోజూ టిఫిన్ విప్పే ముందు ఆ మందు సీసాలను ఒక్కొక్కటే కిటికీ వెలుతురులో చూసేవారు. నేను ఓసారి సీసా కదిలించబోతే చేయి పట్టుకున్నారు. "ఊపకు. ఉన్నది ఉన్నట్టు కనవడనీ."

ఒక బ్యాచ్ పదకొండు వారాలు ముద్ద కట్టకుండా నిలిచింది. పన్నెండో వారం అడుగున తెల్లటి పొర పేరుకుంది.

"పదకొండు వారాల రిజల్టే పంపుదాం మేడం," అన్నాడు మేనేజర్.

"అడుగున వడ్డది గూడ రాస్త సార్. గా గడ్డలు నరాలల్లకు పోతే మనిషి ఉండడు."

రాశారు. ప్రాజెక్టు ఆపేశారు. ఆవిడను జ్వరం మాత్రల పరీక్షలకు మార్చారు. నేను ఏడుస్తుంటే, "చేతులు కడుక్కో, బస్సు పోతది," అన్నారు. ఇవాళ నేను ఏ అంకెనైనా ఉన్నదున్నట్టు రాస్తున్నానంటే ఆవిడ చలవే.

ఫోన్ వచ్చిన రోజే బోడుప్పల్ వెళ్లాను. ఆవిడను చూసి బయటికొస్తుంటే తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు.

"చెల్లె, అక్క మందు ఎక్కడిదాక వచ్చింది? ఎండాకాలానికి అయితదన్నది."

ప్రాజెక్టు ఆగి ఏడాది దాటింది. ఆవిడ ఇంట్లో చెప్పలేదు.

"మిగిలింది నువ్వు జేస్తవా?"

నేను చెప్పుల కోసం చూశాను. ఆయన మళ్లీ అడగలేదు. చావింటి నుంచి వెళ్లేవాళ్ల కోసం గేటు పక్కన పెట్టిన బకెట్లో, ఎముక తేలిన చేత్తో చెంబు ముంచి నా కాళ్ల మీద నీళ్లు పోశాడు.

"రెండో కాలు పెట్టమ్మా," అన్నాడు.