కొండకు బయల్దేరిన అట్టపెట్టె

నేను పనిచేసే అరబ్బు ఇంటి యజమానురాలిని మామా అని, అంటే అమ్మా అని పిలవాలి. ఆవిడ పుట్టింటికి పోతూ నాకు ఒక రాత్రి సెలవిచ్చింది. గురువారం మధ్యాహ్నం వెళ్లి, శుక్రవారం పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజుకల్లా గేటు లోపల ఉండాలి. ఆలస్యమైతే ఇక ఎప్పుడూ అడగొద్దంది. మూడేళ్లలో నాకు దొరికిన రాత్రి అదొక్కటే.

దాన్ని ఎక్కడ గడపాలో నాకు ముందే తెలుసు. దుబాయ్‌కి దూరంగా ఉండే హత్తా కొండల్ని రెండుసార్లు చూశాను, రెండుసార్లూ ఒళ్లో మామా పిల్లాడితో కారు వెనక సీట్లోంచే. మామా వాళ్లు దిగి మాంసం కాల్చుకుంటుంటే నేను పిల్లాడికి పాలు పట్టాను. ఒక్క బండ ఎక్కిన పాపాన పోలేదు.

ఒంటరిగా పోలేను కదా. బర్ దుబాయ్‌లో, చెక్కలు అడ్డంపెట్టిన గదిలో మా అక్కా బావా ఉండేవాళ్లు. అక్క రెండిళ్లలో పూట పని చేసేది, బావది జెబెల్ అలీలో గోదాము పని. వాళ్లని రమ్మనడమే నేను చేసిన తప్పు.

నన్ను వారం వారం శుక్రవారంనాడు రెండు గంటలు బయటకి వదిలేవారు. ఆ ముందు శుక్రవారం, అక్కావాళ్ల గది కింద కుట్టుపని చేసే కడప భాయ్‌ని పిలిచి కూర్చున్నాం. ఆయన ఆ కొండమీద ఒకసారి పడుకుని వచ్చినవాడు.

"డేరా బస్టాండులో బస్సెక్కండి, గంటకొకటి ఉంటాది. దిగినాక నడకే. మనిషికి నాలుగు పెద్ద సీసాల నీళ్లు, ఒక దుప్పటి, చేత్తో తినే తిండి. వాగులో మాత్రం పండుకోవాకండమ్మా, వాన యాడ పడినా నీళ్లు ఆడికే వస్తాయి. చీకటి పడకముందే ఎత్తులో బండ చూసుకోండి" అన్నాడు.

"మెట్లెన్ని ఉంటాయండీ?" అంది అక్క.

"మెట్లు యాడివి తల్లీ?"

"మెట్లు లేకుండా కొండేంటండీ! అన్నవరంలో లేవూ? పోనీ పైన సత్రమో, కుళాయో?"

"రాళ్లుంటాయి. అదృష్టం ఉంటే మేకలుంటాయి."

అక్క నన్ను కొరకొరా చూసింది. "మేకల్ని చూడ్డానికా ఏంటే మనం పోయేది?"

"మీరూరుకోండి. సర్దడం నాకొదిలెయ్యండి. రోజూ పెట్టెలు కట్టేవాణ్ణి నేను" అన్నాడు బావ. అక్కడే నేను అనుమానపడాల్సింది.

గురువారం సంచి భుజాన వేసుకుని వెళ్లేసరికి గది మధ్యలో అట్టపెట్టె! మనవాళ్లు ఊరికి పోయేటప్పుడు కడతారే, అచ్చం అదే. చుట్టూ టేపు, అడ్డంగా నిలువుగా నైలాను తాడు, నాలుగు వైపులా నల్ల మార్కరుతో బావ పేరు, ఊరు, మండలం, జిల్లా.

"కొండమీదికి జిల్లా ఎందుకు బావా?"

"తప్పిపోతేనో, మరదలా?"

"దొరికినా ఎవరికి దొరుకుద్ది? మేకలకా?"

లోపల రైస్ కుక్కరుందట. కరెంటెక్కడిదే అంటే, "ఎవరో ఒకరి ఇల్లుండదా?" అంది అక్క. దుప్పట్లు, రెండు తలగడలు, పులిహోర, చేగోడీలు, ఆవకాయ జాడీ. నీళ్లు మాత్రం రెండే సీసాలు. ఇంకా పెడితే బరువైపోతుందట! నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

దాన్ని చెరోపక్కా పట్టుకుని, పడవెక్కించి, ఊరి మధ్యనున్న క్రీకు పాయ దాటించి బస్టాండుకు మోసేలోపు ఒక బస్సు పోయింది. రెండో బస్సు డ్రైవరు పెట్టెను చూసి, "యే కార్గో హై క్యా? నై చలేగా" అన్నాడు, సరుకు ఎక్కించనని. బావ వేలుపెట్టి జిల్లా పేరు చూపించాడు. ఆ పఠాన్ మనిషికి మా జిల్లాతో ఏం పని? ఆ బస్సూ పోయింది. మూడోదీ పోతే చీకట్లో దిగాలి, ఇక బండ వెతుక్కునేదేముంది?

"పోన్లేవే, గదికెళ్లి చాపేసుకుని తిందాం. అదీ సెలవేగా" అంది అక్క.

"నీకు ప్రతి వారం సెలవే. నాకిదొక్కటే" అన్నాను. పెట్టె విప్పేద్దామని తాడు ముడిని పళ్లతో పట్టుకున్నాను. గోదాము ముడి, కదిలితేనా!

"జరుగు, పళ్లూడతాయి" అని బావే కూర్చుని విప్పాడు. విప్పినంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు.

కుక్కరు, తలగడలు, జాడీ ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు మలయాళీ ఆయనకు అప్పజెప్పి, ఆయన దగ్గరే నీళ్లు కొన్నాం. తిండీ నీళ్లూ దుప్పట్లలో మూటలు కట్టి మూడో బస్సెక్కాం. దారి పొడుగునా అక్క ఆవకాయ మీదే బెంగ పెట్టుకుంది.

దిగేసరికి ఎండ కొండ నెత్తిన కాస్తే మిగిలింది. పైదాకా పోలేకపోయాం. వాగుకు బాగా పైన, రోడ్డు కనిపించేంత ఎత్తులో, ఒక వెడల్పాటి బండ దొరికింది. అక్క మోకాళ్లు పట్టుకుని నన్నూ, భాయ్‌నీ, కొండనీ వరసబెట్టి తిట్టింది. నేను చెప్పులు విడిచి నిలబడ్డాను. రాయి ఇంకా వెచ్చగానే ఉంది.

మర్నాడు మసీదులో మగ్రిబ్ బాంగు వినబడకముందే గేటు లోపల ఉన్నాను. మామా కారు దిగి, గడియారం చూసి, నన్ను చూసి, "జైన్" అంది. బాగుందని. అంటే వచ్చే చలికాలం మళ్లీ అడగొచ్చన్నమాట. తీసుకెళ్లాల్సింది మళ్లీ వీళ్లిద్దర్నే. వేరే గతి లేదు కదా!