ఏడు ఒకట్లు

గత నెల మా మావయ్య చనిపోయాడు. మా పేట లంబాలైన్‌లో ఆయన్ని ఎరిగినవాళ్లంతా బాధపడ్డారు. నాకైతే బాధ కంటే అయోమయమే ఎక్కువగా ఉంది. ఎందుకో చెబుతాను, మీకైనా తేలుతుందేమో చూడండి.

ఆయన మా అమ్మకి అన్న. శ్రీకాకుళం తీరం నుంచి కుర్రతనంలో చేపలవేటకి ఈ దీవులకి వచ్చి, తర్వాత ఫీనిక్స్ బే రేవులో దీవుల మధ్య తిరిగే పడవ మీద పనికి కుదిరాడు. చదివింది అయిదో తరగతి. పడవ కదిలేదాకా ఊరికే కూర్చోవడం ఆయన వల్ల కాదు. పాత రిజిస్టరు తీసి, ఒకట్లు వరసగా పేర్చి భాగించేవాడు. దాన్ని విరగ్గొట్టడం అనేవాడు. మూడు ఒకట్లు, అంటే నూట పదకొండు, మూడుకి విరిగింది. నాలుగు ఒకట్లు పదకొండుకి. అయిదు ఒకట్లు బాగా సతాయించి నలభై ఒకటి దగ్గర లొంగాయి. ఆరు ఒకట్లయితే మూడుకీ, ఏడుకీ, పదకొండుకీ, పదమూడుకీ, అడిగినవాడికల్లా విరిగాయి. ఏడు ఒకట్ల దగ్గర ఆయన ఆగిపోయాడు.

"విరగదు అనాలన్నా ఓపికుండాలమ్మీ" అనేవాడు.

నాకు ఆ ఓపికే లేదు. లెక్కల్లో డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఓ ఆదివారం ఆ ఏడు ఒకట్లు కాగితం మీద రాసి నా ముందు పెట్టాడు.

"సెప్పమ్మీ, ఇది దేనికైనా విరుగుద్దా నేదా?"

వంద దాకా వేసి చూసేసరికి విసుగొచ్చింది. తెలీదనడానికి నామోషీ. "దేనికీ విరగదు మావయ్యా" అనేశాను.

"పక్కా?"

"పక్కా."

ఇక పడవెక్కిన ప్రతివాడికీ చెప్పడమే. "భయ్యా, ఏడు ఒకట్లు దేనికీ విరగవు. మా గుంట తేల్చేసింది." తర్వాతెప్పుడో ఒక పుస్తకంలో చూసి నా మాట తప్పని తెలుసుకున్నాను. ఈసారి చెబుదాం, ఈసారి చెబుదాం అనుకుంటూనే ఏళ్లు గడిపేశాను. సిగ్గుగా ఉంది.

పెద్దకర్మ రోజున అత్త ఆ రిజిస్టరు నా చేతిలో పెట్టింది. "నీకే ఇమ్మన్నాడమ్మీ."

ఒక పేజీలో ఏడు ఒకట్లని 239తో భాగించి ఉంది. శేషం సున్నా. పైన ఉన్న తారీఖు, నేను పక్కా అన్న మూడు నెలలకి వేసింది. అదే లెక్క నాలుగుసార్లు చేశాడు. నాలుగుసార్లూ సున్నాయే. నాలుగింటినీ అడ్డంగా కొట్టేశాడు.

చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని తన లెక్కే తప్పనుకున్నాడా? లేక అన్నీ తెలిసే నా పరువు కాపాడుతూ వచ్చాడా? మరి అలాంటివాడు రిజిస్టరు నాకే ఇమ్మనడమేమిటి? అత్తని అడిగాను. "నలభై ఏళ్లు కాపరం సేసిన నాకే ఆయన అర్దం కానేదు, నీకేటవుతాడు" అంది.

ఏదేమైనా ఒకటి చెప్పాలి. మావయ్య లెక్క ఒప్పు, నా మాట తప్పు. ఆ పడవలో ఆయన మాట విన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే దిద్దుకోండి.

కొట్టేసిన లెక్కల కింద, పేజీ అడుగున, పెన్సిల్‌తో సన్నగా ఇంకొకటి ఉంది. 239ని 4649తో గుణించి సరిచూసుకున్నాడు. ఏడు ఒకట్లూ వరసగా వచ్చాయి. వాటి మీద గీత లేదు.